హైదరాబాదు నుంచి షికాగోకు ఎంత దూరం?

కిందటి వేసవిలో మా మనవడు వంటింటి బల్ల దగ్గర కూర్చుని, "తాతయ్యా, హైదరాబాదు ఇక్కడికి ఎంత దూరం?" అని అడిగాడు. బడిలో కుటుంబ చరిత్ర వ్రాసుకు రమ్మన్నారట. మేము జవాబు వెతుక్కునే లోపలే వాడు ఫోనులో చూసుకుని, "8,250 మైళ్ళు" అని కాగితం మీద వేసేసుకున్నాడు. లెక్కలో తప్పు లేదు. భూగోళం మీద దారం పట్టి కొలిస్తే హైదరాబాదు నుంచి షికాగోకు సుమారు 13,280 కిలోమీటర్లు, అంటే దాదాపు 8,250 మైళ్ళు. అయినా ఆ అంకె ఒక్కటే వ్రాసుకుని వాడు లేచిపోతుంటే మాకు మనసొప్పలేదు. మా యాభై ఏళ్ళ అమెరికా కాపురంలోనే ఆ దూరం నాలుగైదు సార్లు మారింది. ఒకప్పుడు తగ్గింది, ఒకప్పుడు పెరిగింది, ఒకసారి దాటరానిదే అయింది. మైళ్ళు మాత్రం మారలేదు. ఆ కథ మా మనవడికీ, వాడి ఈడు పిల్లలకూ, ఇక్కడే పుట్టి పెరిగిన వారి తల్లిదండ్రులకూ చెప్పాలని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

రెండు నెలల దారి

ఈ రెండు ఊళ్ళను కలిపిన ప్రయాణాలలో మొదట చెప్పుకోదగినది తెలుగువాడిది కాదు గాని, మన గడ్డ మీదుగా సాగినదే. 1893 ఫిబ్రవరి 13న స్వామి వివేకానంద సికిందరాబాదులోని మహబూబ్ కళాశాలలో ప్రసంగించారు. తాను పడమటి దేశాలకు ఎందుకు వెళ్ళదలచుకున్నారో ఆ సభలోనే చెప్పారు. అదే సంవత్సరం మే 31న బొంబాయిలో ఓడ ఎక్కారు. కొలంబో, సింగపూరు, హాంగ్‌కాంగ్ మీదుగా జపాను చేరి, యొకొహామాలో మరో ఓడ ఎక్కి, పసిఫిక్ మహాసముద్రం దాటి జూలై 25న కెనడాలోని వాంకూవరులో దిగారు. అక్కడి నుంచి రైలు మీద షికాగో చేరేసరికి జూలై నెలాఖరు అయింది. అంటే రెండు నెలలు. తీరా వస్తే సర్వమత సభ సెప్టెంబరు 11 దాకా మొదలుకాదని తెలిసింది. చేతిలో డబ్బు కరిగిపోతున్నది, చలికి తగిన బట్టలు లేవు. మా తరంవారు మొదటి చలికాలంలో పడ్డ అవస్థలకు ఆయనే ఆద్యుడని మేము నవ్వుకుంటూ ఉంటాము.

ఆ తరువాత ముప్ఫై ఏళ్ళకు, 1920ల తొలి సంవత్సరాలలో, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఓడ మీద అమెరికా చేరి, బోస్టనులోని హార్వర్డు విశ్వవిద్యాలయంలో అడుగుపెట్టారు. తల్లినీ భార్యనూ వదిలి వచ్చిన ఆ మనిషి ఫోలిక్ ఆమ్లం మీద, బోదకాలు మందు హెట్రజాన్ మీద, క్యాన్సరుకు వాడే మెథోట్రెక్సేట్ మీద, ఆరియోమైసిన్ మీద జరిగిన పరిశోధనలలో ముఖ్యపాత్ర వహించారు. కాని మళ్ళీ ఇంటి గడప తొక్కలేదు. 1948 ఆగస్టులో న్యూయార్కులో కన్నుమూశారు. ఆయన పోవడానికి సుమారు రెండు నెలల ముందు, అదే సంవత్సరం జూన్ 8న, ఎయిర్ ఇండియా మొదటి విదేశీ విమానం 'మలబార్ ప్రిన్సెస్' బొంబాయి నుంచి లేచి కైరో, జెనీవాల మీదుగా లండను చేరింది. ఆకాశంలో ఇంటిదారి తెరుచుకుంటున్న వేళకు ఆయన ఆయువు తీరిపోయింది. ఈ రెండు తేదీలను పక్కపక్కన పెట్టి చూసినప్పుడల్లా మా మనసు కలుక్కుమంటుంది.

కాగితాల గోడ

అయితే ఆ రోజుల్లో సముద్రం ఒక్కటే అడ్డం అనుకుంటే పొరపాటు. 1917లో అమెరికా ప్రభుత్వం ఆసియాలో ఒక పెద్ద భాగానికి గీత గీసి, అక్కడి నుంచి వలస రాకూడదని చట్టం చేసింది. మన దేశం ఆ గీత లోపల పడింది. 1923లో భగత్ సింగ్ థిండ్ వ్యాజ్యంలో ఇక్కడి సుప్రీంకోర్టు, భారతీయులకు పౌరసత్వపు అర్హత లేదని తీర్పు చెప్పింది. 1946లో ఆ తలుపు కొద్దిగా తెరిచి, ఏడాదికి 100 మంది భారతీయులు రావచ్చునన్నారు. ఇంత పెద్ద దేశానికి నూరు మంది!

1965 అక్టోబరు 3న లిండన్ జాన్సన్ న్యూయార్కు ఓడరేవులో స్వేచ్ఛామూర్తి పాదాల దగ్గర కొత్త వలస చట్టం మీద సంతకం చేశారు. 1968 జూలై నుంచి అది పూర్తిగా అమలులోకి వచ్చింది. గుంటూరు, విశాఖ, హైదరాబాదు వైద్య కళాశాలలలోనూ ఇంజనీరింగు కళాశాలలలోనూ చదివిన మా తరం ఆ సందులో నుంచే ఇక్కడికి వచ్చింది. 1977లో న్యూయార్కులో ఉత్తర అమెరికా తెలుగువారి తొలి మహాసభ జరిగిందన్నా, అదే సంవత్సరం పిట్స్‌బర్గులో వెంకటేశ్వరస్వామి ఆలయం వెలసిందన్నా ఆ సంతకం చలవే. ఈ సంచికను తిరగేస్తున్న కుటుంబాలలో చాలా వాటి కథ ఆ తేదీ దగ్గరే మొదలవుతుంది.

నేల మీద గడిచిన కాలం

ఎయిర్ ఇండియా బోయింగ్ 707 జెట్ విమానాలు కొని 1960 మే 14న న్యూయార్కు సర్వీసు ప్రారంభించింది. అప్పటికి ఆ విమానాశ్రయం పేరు ఐడిల్‌వైల్డ్. కెనెడీ పేరు 1963లో పెట్టారు. 1971లో ఆ సంస్థకు జంబో జెట్ వచ్చింది. మేము వచ్చినది కూడా ఆ సంవత్సరమే.

మా ఊరు తెనాలి దగ్గర ఒక పల్లె. అమెరికా ప్రయాణం మాకు మద్రాసు రైలుతో మొదలయింది, ఎందుకంటే వీసా ముద్ర అక్కడి కాన్సులేటులోనే వేసేవారు. (హైదరాబాదులో అమెరికా కాన్సులేటు తెరిచినది 2008లో.) తరువాత తెనాలి నుంచి హైదరాబాదుకు రాత్రి రైలు. బేగంపేట విమానాశ్రయానికి పాతిక మంది బంధువులు పూలదండలతో వచ్చారు. అక్కడి నుంచి బొంబాయి, శాంతాక్రజ్‌లో రాత్రి జాగారం, తరువాత గల్ఫులోనో బేరూటులోనో ఒక మజిలీ, యూరపులో మరొకటి, లండను, న్యూయార్కు, మళ్ళీ విమానం మారి షికాగో. జేబులో ప్రభుత్వం అనుమతించిన 8 డాలర్లు. సంచిలో అమ్మ మూట కట్టిన గోంగూర పచ్చడి. ఇల్లు వదిలిన నాలుగో రోజున ఓహేర్ విమానాశ్రయంలో దిగాము.

ఇక్కడ మా మనవడికి ఒక లెక్క చెప్పాము. హైదరాబాదు నుంచి బొంబాయి 620 కిలోమీటర్లు, బొంబాయి నుంచి లండను 7,200, లండను నుంచి న్యూయార్కు 5,540, న్యూయార్కు నుంచి షికాగో 1,190. మొత్తం 14,550. తిన్నని దారి కన్నా సుమారు 1,270 కిలోమీటర్లే ఎక్కువ. ఇక వేగమంటావా, ఆనాటి 707 గంటకు 900 కిలోమీటర్లకు పైగా పోయేది; నేటి విమానాలూ అంతే పోతున్నాయి. అరవై ఏళ్ళలో విమానపు వేగం పెరగలేదు! మరి నాలుగు రోజులు ఒక్క రోజు ఎలా అయిందంటే, తగ్గినది ఆకాశంలో గడిపే కాలం కాదు, నేల మీద గడిపే కాలం. బల్లల మీద కునికిపాట్లు, మరుసటి విమానం కోసం పడిగాపులు, వరుసలలో నిలబడడం, మద్రాసు రైలు, తెనాలి రైలు. దూరమంతా అక్కడే ఉండేది.

'సీరియస్' అనే మాట

ఆ దూరం ఎంతో మాకు నిజంగా తెలిసినది 1976లో. ఒక బుధవారం సాయంత్రం టెలిగ్రాము వచ్చింది: 'ఫాదర్ సీరియస్ స్టార్ట్ ఇమ్మీడియట్లీ'. ఆ రోజుల్లో 'సీరియస్' అంటే ఏమిటో తెలుగు ఇళ్ళలో అందరికీ తెలుసు. పోయారని వ్రాస్తే దారిలో గుండె పగులుతుందని పెద్దలు ఆ మాట వాడేవారు. ట్రంకు కాల్ బుక్ చేశాము. మా పల్లెలో ఫోను పోస్టాఫీసులో ఒక్కటే. అక్కడ పగలైతే ఇక్కడ రాత్రి. తెల్లవార్లూ కూర్చున్నా లైను కలవలేదు.

మరునాడు బయలుదేరి ఆదివారం ఉదయం ఊరు చేరాము. నాన్నగారు పోయినది సోమవారం. తలకొరివి తమ్ముడు పెట్టాడు. చిన్నకర్మ అయిపోయింది, అస్థికలు కృష్ణలో కలిపేశారు. మేము పెద్దకర్మకు అందాము. అమ్మ మమ్మల్ని చూసి ఒక్క మాట కూడా అనలేదు. "అన్నం తిన్నారా?" అని మాత్రం అడిగింది.

ఇలాంటి కథ మా ఒక్కరిది కాదు. ఆ తరంలో కడసారి చూపు దక్కినవారిని వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. సెలవు దొరకనివారు, టిక్కెట్టుకు డబ్బు చాలనివారు, పురిటి మంచం మీద ఉన్నవారు ఉత్తరంతోనే సరిపెట్టుకున్నారు. నీలిరంగు ఏరోగ్రాము పది పన్నెండు రోజులకు వచ్చేది. అందులో కుశలమని వ్రాసిన చెయ్యి ఆ ఉత్తరం విప్పే వేళకు కుశలంగా ఉన్నదో లేదో తెలియదు.

ఈ దారి చరిత్రలో మరువరాని తేదీ మరొకటి ఉన్నది. 1985 జూన్ 23న మాంట్రియల్ నుంచి లండను మీదుగా ఢిల్లీ వెళ్ళవలసిన 'కనిష్క' విమానం, ఉగ్రవాదులు పెట్టిన బాంబు పేలి ఐర్లండు తీరాన సముద్రంలో కూలిపోయింది. విమానంలో ఉన్న 329 మందీ మరణించారు. వేసవి సెలవులకు తాతల ఊరు చూడబోతున్న పిల్లలు వారిలో ఎందరో. ఆ ఏడాది జూలైలో మేము మా పిల్లలను తీసుకుని వెళ్ళవలసి ఉన్నది. వెళ్ళాము. వెళ్ళకుండా ఎలా ఉంటాము? కాని లండనులో విమానం లేచినప్పుడు అందరం చేతులు పట్టుకుని కూర్చున్నాము.

ఒకే అంగలో

పిల్లలకు ఒక చిన్న ప్రయోగం చెబుతాము. ఇంట్లో ఉన్న గ్లోబు తీసుకుని హైదరాబాదు మీద దారం కొస పెట్టి, రెండో కొస షికాగో దాకా బిగించి లాగండి. గోడపటం చూస్తే పడమటికి పోవాలనిపిస్తుంది. దారం మాత్రం తిన్నగా ఉత్తరానికి పోయి, 79 డిగ్రీల అక్షాంశం దాకా ఎక్కి, మంచు సముద్రం దాటి మళ్ళీ కిందికి దిగుతుంది. మనకూ మన ఊరికీ మధ్య అసలు దారి ఉత్తరధ్రువం పక్కనుంచే ఉన్నది.

ఆ దారి చాలాకాలం మనకు అందలేదు. అంత ఇంధనం మోయగల విమానాలు లేవు. రష్యా ఆకాశం సోవియట్ కాలంలో దాదాపు మూసి ఉండేది. 1991లో సోవియట్ యూనియన్ విచ్ఛిన్నమైన తరువాత ధ్రువపు దారులు క్రమంగా తెరుచుకున్నాయి. 2005 నవంబరులో అమెరికా సంస్థలు న్యూవార్కు నుంచీ షికాగో నుంచీ ఢిల్లీకి మధ్యలో ఆగని సర్వీసులు ప్రారంభించాయి. 2007 ఆగస్టులో ఎయిర్ ఇండియా ముంబయి నుంచి న్యూయార్కుకు ఏకబిగిన ఎగిరింది. 2008 మార్చి 23న బేగంపేట బదులు శంషాబాదు విమానాశ్రయం మొదలయింది.

2021 జనవరిలో రెండు వింతలు జరిగాయి. మొదటిది, కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వంలో అందరూ మహిళలే అయిన పైలట్ల బృందం శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగుళూరుకు ఉత్తరధ్రువం మీదుగా విమానం నడిపింది. రెండవది, ఆ వారంలోనే, జనవరి 15న, హైదరాబాదు నుంచి షికాగోకు మొట్టమొదటిసారి ఎక్కడా ఆగని విమానం బయలుదేరింది. 238 సీట్ల బోయింగ్ 777. ప్రయాణం సుమారు 17 గంటలు. వివేకానందుడికి రెండు నెలలు, మాకు నాలుగు రోజులు, ఇప్పుడు 17 గంటలు!

ఆ సర్వీసు వారానికి ఒక్కసారే నడిచింది, ఎంతోకాలం నిలవలేదు. హైదరాబాదు వెళ్ళదలచినవారు దుబాయిలోనో, దోహాలోనో, లండనులోనో, ఢిల్లీలోనో మారి, ఇరవై నుంచి ఇరవైనాలుగు గంటలలో చేరుకుంటున్నారు. అదీ తక్కువేమీ కాదు. కాని ఆ 17 గంటల మాట విన్న రోజున మా ఇంట్లో పండుగ చేసుకున్నాము. ఇక ఎవరికి 'సీరియస్' అని కబురు వచ్చినా సాయంత్రం బయలుదేరితే మరునాటికి చేరవచ్చు గదా అనుకున్నాము.

మూసుకున్న ఆకాశం

ఆ మాట అనుకున్న నాలుగు నెలలకే, 2021 మేలో, మా తమ్ముడు గుంటూరు ఆసుపత్రిలో కోవిడుతో పోయాడు. నాన్నగారికి తలకొరివి పెట్టిన తమ్ముడు.

ఈసారి టెలిగ్రాము రాలేదు. భారతదేశంలో టెలిగ్రాము 2013 జూలైలోనే ఆగిపోయింది. కబురు క్షణంలో వచ్చింది. శ్మశానంలో నలుగురే ఉన్నారు. అందులో ఒకరు ఫోను ఎత్తి పట్టుకుంటే, షికాగోలో ఇదే వంటింటి బల్ల దగ్గర కూర్చుని చితి అంటుకోవడం కళ్ళారా చూశాము. మంట శబ్దం కూడా వినిపించింది. కాని వెళ్ళలేకపోయాము. భారతదేశం 2020 మార్చిలో ఆపివేసిన మామూలు అంతర్జాతీయ సర్వీసులు తిరిగి మొదలైనది 2022 మార్చి 27న. మధ్యలో నడిచిన కొద్ది విమానాలు ఎక్కడానికి మా వయసుకు వైద్యులు ఒప్పుకోలేదు. మా వీధిలోని కుర్రవాళ్ళ కష్టం వేరు. 2021 మే 4 నుంచి నవంబరు 8 దాకా, భారతదేశంలో ఉండి వచ్చేవారి రాకను అమెరికా ప్రభుత్వం నిలిపివేసింది. పౌరులకూ, గ్రీన్‌కార్డు ఉన్నవారికీ మినహాయింపు ఉన్నది గాని, పని వీసా మీద ఉన్నవారిలో చాలామందికి లేదు. తల్లి కడసారి చూపుకు వెళితే ఇక్కడి భార్యాబిడ్డల దగ్గరకు తిరిగి రావడం ఎప్పుడో తెలియదు. ఏది ఎన్నుకోవాలి?

అప్పుడు మాకు అర్థమయింది. 1976లో వార్త రెండు రోజులు నడిచింది, మేము నాలుగు రోజులు నడిచాము. రెండూ నెమ్మదైనవే, ఒకదాని వెనుక ఒకటి వెళ్ళాయి. 2021లో వార్తకు క్షణం పట్టలేదు, మేము అసలే చేరలేదు. ఆనాడు చూడలేదన్న బాధ ఒకటే. ఈనాడు చూస్తూ కూడా చెయ్యి వెయ్యలేకపోయామన్న బాధ. రెండింటిలో ఏది ఎక్కువ దూరమో మేము నేటికీ తేల్చుకోలేదు.

ఆకాశం శాశ్వతంగా తెరిచి ఉండదని తరువాతి సంవత్సరాలు కూడా చెప్పాయి. ఉక్రెయిన్ యుద్ధంతో 2022లో రష్యా ఆకాశం అమెరికా సంస్థలకు మూసుకుపోయింది. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన ఆకాశాన్ని భారతీయ విమానాలకు మూసివేస్తే, ఢిల్లీ నుంచి అమెరికా వచ్చే విమానాలు కొన్ని మళ్ళీ యూరపులో ఆగి ఇంధనం పోసుకోవలసి వచ్చింది. 1960లో ఉన్న మజిలీలు 2025లో తిరిగి వచ్చాయి! దారి పొడవును నిర్ణయించేది యంత్రం ఒక్కటే కాదు. రాజ్యాలూ, చట్టాలూ, రోగాలూ కూడా.

మా మనవి

మన సంఘాల పెద్దలకు ఒక మనవి. మన తరం ఇళ్ళలో, ట్రంకు పెట్టెల అడుగున, పాత పాస్‌పోర్టులు, మద్రాసు వీసా ముద్రలు, ఏరోగ్రాములు, విమానపు టిక్కెట్ల ఎర్ర కార్బను ప్రతులు ఇంకా ఉన్నాయి. మేము పోయిన తరువాత అవి చెత్తబుట్టలోకి పోతాయి. వాటిని నకళ్ళు తీయించి, ఎవరు ఏ దారిన ఎన్ని రోజులలో వచ్చారో వారి నోటనే వ్రాయించి భద్రపరచండి. ఇక్కడి తెలుగువారి చరిత్రకు అంతకు మించిన ఆధారాలు ఉండవు.

పిల్లలకు మరొక మాట. పెళ్ళికో చావుకో కబురు వస్తేనే ఊరు వెళ్ళాలనే అలవాటు మా తరానిది. టిక్కెట్టు మోయలేని రోజులలో అది అవసరమయింది. మీకు ఆ అవసరం లేదు. దారి తెరిచి ఉన్నప్పుడు, ఏ కారణమూ లేకుండా, ఊరికే ఒకసారి వెళ్ళి రండి. అమ్మమ్మ దగ్గర కూర్చుని భోజనం చేసి రండి. అన్నట్టు, మన ఊరికి వెళ్ళేటప్పుడు అట్లాంటిక్ మీద గాలి వెనక నుంచి తోస్తుంది. న్యూయార్కు నుంచి లండనుకు పోయే కాలం, లండను నుంచి న్యూయార్కుకు వచ్చే కాలం కన్నా సుమారు గంట తక్కువ.

ఇంతా విన్న మా మనవడు కాగితం మీద ఉన్న 8,250ని కొట్టివేయలేదు. దాని కింద 'రెండు నెలలు, నాలుగు రోజులు, 17 గంటలు' అని వరుసగా వ్రాశాడు. 2021 అని వేసి, దాని ఎదుట ఖాళీగా వదిలాడు. తరువాత తల ఎత్తి, "డిసెంబరులో నాకు సెలవులున్నాయి తాతయ్యా" అన్నాడు. టిక్కెట్లు కొన్నాము.